జిల్లాకో ఆకాశం

ఆ మధ్య ఒక ఫిబ్రవరి ఉదయం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ప్రార్థన ముగిసేసరికి ఆవరణలోకి ఒక వ్యాన్ వచ్చి ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు పెద్ద మూట దించి, హాల్లో పరిచి, దాని మూతికి ఫ్యాన్ బిగించి గాలి కొట్టడం మొదలుపెట్టారు. పది నిమిషాల్లో ఆ నల్లటి గుడ్డ బోర్లించిన పెద్ద గిన్నెలా ఉబ్బి లేచింది. ఎనిమిదో తరగతి పిల్లలు చెప్పులు బయట విడిచి, వంగి, ఒకరి వెనక ఒకరు అందులోకి దూరారు. వాళ్ల వెనకే నేనూ.

లోపల చీకటి. కళ్లు ఆ చీకటికి అలవాటు పడుతుండగానే తలల మీద చుక్కలు పూశాయి. ఒకటీ రెండూ కాదు, వేలు. ముప్పై మంది పిల్లలు ఒక్కసారిగా ఊపిరి లోపలికి లాక్కున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు కోసమైనా ఈ గుడారాన్ని ప్రతి బడికీ తీసుకెళ్లాలనిపించింది. కానీ ఆ ఆకాశం నిలిచింది ఒక్క నిమిషమే. వెంటనే సినిమా మొదలైంది. ఇంగ్లిష్ వ్యాఖ్యానం, హోరెత్తే సంగీతం. రాకెట్ లేచింది, ఉల్క రాలింది, డైనోసార్లు చచ్చిపోయాయి, చివర్లో ఒక బ్లాక్ హోల్ అందరినీ మింగేసింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

సినిమా మొదలవుతుండగా నా పక్కనున్న అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "సార్, ఈ చుక్కలు మా ఊళ్ల గూడ కనబడ్తయా?" ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఇబ్బందిగా నవ్వి, "ముందు సినిమా చూడమ్మా" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేం. వ్యాన్ నడపడం, ఫ్యాన్ వేయడం, ఫైలు మీద క్లిక్ చేయడం, ఇంతవరకే అతని ఉద్యోగం. జవాబులు చెప్పడం అందులో లేదు.

దేశంలో ఇప్పుడు ఇలాంటి సంచార ప్లానెటోరియాలు చాలానే తిరుగుతున్నాయి. ప్రభుత్వ సైన్స్ కేంద్రాలవి కొన్ని, స్వచ్ఛంద సంస్థలవి కొన్ని, తలకింత అని వసూలు చేసే ప్రైవేటు వాళ్లవి ఇంకొన్ని. అవి బడికి రావడం మంచిదా కాదా అన్నది చర్చే కాదు. వచ్చి ఏం చేస్తున్నాయి, వెళ్లాక ఏం మిగులుస్తున్నాయి అన్నదే అసలు సంగతి.

ముందు ఈ యంత్రం కథ కొంచెం చెప్పుకోవాలి. గది లోపలే రాత్రి ఆకాశాన్ని సృష్టించే ప్రొజెక్టర్‌ను మొదట తయారుచేసింది జర్మనీకి చెందిన జైస్ కంపెనీ. దాని రూపకర్త వాల్టర్ బావర్స్‌ఫెల్డ్. 1923 అక్టోబర్ 21న మ్యూనిక్‌లోని డాయిషెస్ మ్యూజియంలో దాన్ని తొలిసారి ప్రదర్శించారు. మన దేశంలో కోల్‌కతా బిర్లా ప్లానెటోరియం 1962లో తెరుచుకుంది. ముంబైలో నెహ్రూ ప్లానెటోరియం 1977లో, ఢిల్లీలో 1984లో వచ్చాయి. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియాన్ని 1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు ప్రారంభించారు. అన్నీ మహానగరాలే. ఆదిలాబాద్ పిల్లవాడికి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. శ్రీకాకుళం పిల్లకైతే అది ఒక రాత్రంతా రైలు ప్రయాణం. విహారయాత్ర పేరుతో బస్సు కట్టించుకోగలిగిన బడులకే ఆ గుమ్మటం కింద కూర్చునే యోగం.

పిల్లలు రాలేకపోతే గుమ్మటమే పిల్లల దగ్గరికి వెళ్లాలని ఆలోచించినవాడు ఫిలిప్ శాడ్లర్ అనే అమెరికన్. 1977లో ఆయన గాలితో ఉబ్బే గుడ్డ గుమ్మటాన్ని తయారుచేసి స్టార్‌ల్యాబ్ అని పేరుపెట్టారు. అందులోని ప్రొజెక్టర్ చాలా సాదాసీదాది. సన్నని చుక్కలున్న ఒక స్థూపం, దాని లోపల చిన్న దీపం. చుక్కల గుండా వెళ్లిన వెలుగు గుమ్మటం మీద నక్షత్రాలై పడుతుంది. ఇప్పుడు స్థూపం స్థానంలో ల్యాప్‌టాప్, డిజిటల్ ప్రొజెక్టర్, దానికి చేపకన్ను లెన్సో లేక ఒక గుండ్రటి అద్దమో వచ్చాయి. ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబియన్ షెరో 2001లో మొదలుపెట్టిన స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ఏ ఊరి నుంచి, ఏ తేదీన, ఏ గంటకు ఆకాశం ఎలా ఉంటుందో అది చూపిస్తుంది. మొత్తం సరంజామా ఒక వ్యాన్‌లో పడుతుంది. ధర ఒక మోస్తరు కారు ధరకు అటూ ఇటూ.

ఇదే శాడ్లర్ పేరు మరో ఆసక్తికరమైన సంగతిలోనూ వినిపిస్తుంది. 1987లో ఆయన, మాథ్యూ ష్నెప్స్ కలిసి 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అనే చిన్న చిత్రం తీశారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం నాడు విద్యార్థుల్ని, పూర్వ విద్యార్థుల్ని, అధ్యాపకుల్ని నిలబెట్టి ఎండాకాలం, చలికాలం ఎందుకొస్తాయని అడిగారు. మొత్తం 23 మందిలో 21 మంది తప్పు చెప్పారు. భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు ఎండాకాలమని ఎక్కువ మంది నమ్మకం. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో. ఆదిలాబాద్ మన్యంలో జనం చలిమంటలు వేసుకునే రోజులవి. రుతువులకు కారణం దూరం కాదు, భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం.

హార్వర్డ్‌లోనే ఇలా ఉంటే మన దగ్గర అడగనక్కరలేదు. చందమామ పెరగడానికీ తరగడానికీ కారణం భూమి నీడ అని మన చదువుకున్నవాళ్లలో ఎందరు చెబుతారో ఇంట్లోనే ఒకసారి అడిగి చూడండి. ఇది తెలివితేటల లోపం కాదు. ఆకాశం మూడు కొలతల వ్యవహారం, పాఠ్యపుస్తకం పేజీ రెండు కొలతలది. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే గీత మీద గోళీల్లా పేర్చిన బొమ్మ చూసి పిల్లవాడు ఏం ఊహించుకోవాలి? గుడారం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. నెల రోజుల చంద్రుణ్ని ఒక నిమిషంలో నడిపించి చూపొచ్చు. హైదరాబాద్‌లో ఉత్తర దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులో కనిపించే ధ్రువ నక్షత్రం కన్యాకుమారిలో 8 డిగ్రీలకు జారడం, శ్రీనగర్‌లో 34 డిగ్రీలకు ఎక్కడం చూపొచ్చు. భూమి గుండ్రంగా ఉందని పది పేజీల్లో చెప్పలేనిది రెండు నిమిషాల్లో కంటికి కనిపిస్తుంది.

దేశమంతటికీ ఇది సాధ్యమా? ఒక చిన్న లెక్క వేద్దాం. 2023-24 యూడైస్ గణాంకాల ప్రకారం దేశంలో 14.7 లక్షల బడులు, 24.8 కోట్ల మంది విద్యార్థులు. ఒక గుడారంలో విడతకు 30 మంది, రోజుకు 6 విడతలు అనుకుందాం. అంటే 180 మంది. ఏడాదికి 200 రోజులు తిరిగినా 36,000 మంది. పిల్లలందరికీ ఏటా ఒకసారి చూపించాలంటే దాదాపు 6,900 గుడారాలు కావాలి. అది అయ్యే పని కాదు. కానీ పన్నెండేళ్ల బడి జీవితంలో ఒక్కసారి చూపించాలంటే? దాదాపు 575 చాలు. దేశంలో జిల్లాలు 750కి పైనే ఉన్నాయి. జిల్లాకొక గుడారం ఉంటే ఈ దేశంలో బడికి వెళ్లే ఏ బిడ్డా నక్షత్రాలు చూడకుండా చదువు ముగించదు.

రాష్ట్ర ప్రభుత్వాల బడ్జెట్లకు ఇది లెక్కలోకి రాని మొత్తం. మనకు దీని అనుభవమూ కొత్త కాదు. కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965లోనే బస్సులో సైన్స్ ప్రదర్శనను పల్లెలకు పంపింది. జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి కేంద్రాల్లో 'తారామండల్' పేరుతో గాలి గుమ్మటాలున్నాయి. 2007లో సైన్స్ ఎక్స్‌ప్రెస్ అనే రైలును పట్టాలెక్కించి పదేళ్ల పాటు దేశమంతా తిప్పాం. కుప్పం దగ్గర కేంద్రంగా 1999 నుంచి పనిచేస్తున్న అగస్త్య ఫౌండేషన్ సంచార ప్రయోగశాలలను వ్యాన్లలోనూ, మోటార్‌సైకిళ్ల మీదా పల్లె బడులకు పంపుతోంది. చక్రాల మీద సైన్స్ నడిపించడం మనకు తెలిసిన విద్యే.

అయితే ఒక అభ్యంతరం ఉంది. బళ్లలో ప్రయోగశాలలు లేవు, సైన్స్ టీచర్ల పోస్టులు ఖాళీలున్నాయి, ఈ పరిస్థితుల్లో గుడారాలేమిటని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. టీచరా గుడారమా అని ఎంచుకోవలసి వస్తే టీచరే కావాలని నేనూ అంటాను. గుడారం టీచరుకు బదులు కాదు. ఆ ఫిబ్రవరి రోజునే అది నాకు స్పష్టంగా కనిపించింది.

నాలుగో జట్టు లోపల ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. గుమ్మటం మెల్లగా పిల్లల నెత్తి మీదికి దిగడం మొదలుపెట్టింది. ప్రమాదమేమీ లేదు, తేలికపాటి గుడ్డే. పిల్లలు నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ బయటపడ్డారు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. సైన్స్ మేడమ్ ఆ గుంపును మైదానంలోకి తీసుకెళ్లి ఒక పిల్లవాడి చేతికి టెన్నిస్ బంతి ఇచ్చారు. "చెయ్యి చాపి బంతిని ఎండలో పట్టుకో. ఇప్పుడు నిదానంగా చుట్టూ తిరుగు. బంతి మీద వెలుగు ఎంత మేర కనిపిస్తోందో చెప్పు" అన్నారు. వాడు తిరుగుతుంటే బంతి మీద నెలవంక పడింది, సగమైంది, నిండింది, మళ్లీ తరిగింది. "మేడమ్, బంతి మీద నీడ బంతిదే గదా, భూమిది కాదు గదా" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. ఆ రోజు ఆ బడిలో జరిగిన మంచి ఖగోళ పాఠం అదే. అది కరెంటు లేని ఇరవై నిమిషాల్లో జరిగింది.

అంటే గుడారం దండగా? కాదు. బంతి పాఠాన్ని అంత ఆత్రంగా విన్నారంటే అంతకుముందు తల మీద చుక్కలు చూసిన ఉత్సాహం కూడా కారణమే. గుడారం ఆకలి పుట్టిస్తుంది. అన్నం పెట్టాల్సింది మనిషే.

ఈ విషయంలో పరిశోధనలూ ఉన్నాయి. 1982లో అమెరికాలో మాలన్, బ్రూస్ అనే పరిశోధకులు రెండు రకాల ప్లానెటోరియం కార్యక్రమాలను పోల్చి చూశారు. ఒకదానిలో పిల్లలు ఊరికే చూసి వినడం, రెండోదానిలో వాళ్లే వెతకడం, గుర్తించడం, జవాబులు చెప్పడం. రెండో పద్ధతే మెరుగైన ఫలితాలిచ్చింది. 2009లో జూలియా ప్లమ్మర్ ప్రచురించిన అధ్యయనంలో 1, 2 తరగతుల పిల్లలు గుమ్మటం లోపల సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు నడిచే దారిని చేతులతో చూపుతూ నేర్చుకున్నారు. ఆ తర్వాత వాటి కదలికలపై వారి అవగాహన బాగా పెరిగింది. సారాంశం ఒక్కటే. గుమ్మటం కింద సినిమా వేస్తే అది సినిమాహాలు. మాట్లాడే మనిషి ఉండి, పిల్లల చేతులు కదిలితే అది తరగతి గది.

ఆ మాట్లాడే మనిషి మన ఆకాశం గురించి, మన భాషలో మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించండి. మన దగ్గర సామగ్రికి కొదవ లేదు. నెలల పేర్లే ఒక నక్షత్ర పటం. కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర, చైత్ర పౌర్ణమి నాడు చిత్త దగ్గర, వైశాఖ పౌర్ణమి నాడు విశాఖ దగ్గర ఉంటాడు. కృత్తికలను మన పెద్దలు పిల్లలకోడి అన్నారు. తల్లి చుట్టూ చేరిన కోడిపిల్లల్లా ఉంటాయి మరి. శుక్రుడు వేగుచుక్క. వినాయక చవితికి విగ్రహం పైన వేలాడదీసే పాలవెల్లి పేరు ఆకాశంలోని పాలపుంతదే.

ఇక రైతుల కార్తెలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పిల్లలందరికీ తెలుసు. మరి ఆ రోజుల్లో రోహిణి నక్షత్రం ఎక్కడుంటుంది? గుడారంలో మే నెలాఖరు మధ్యాహ్నాన్ని తెచ్చి, పగటి వెలుతురును ఒక్క మీటతో ఆర్పేస్తే చాలు. సూర్యుడు వెళ్లి రోహిణి పక్కనే కూర్చుని కనిపిస్తాడు. అందుకే దానికా పేరు, అందుకే ఆ కార్తెలో రోహిణి మనకు కనిపించదు. నిజం ఆకాశంలో ఎవరూ చూడలేని దృశ్యమిది. గుడారానికే సాధ్యం. బడిలో నేర్పే సైన్సుకూ, ఇంట్లో తాత చెప్పే వ్యవసాయానికీ మధ్య ఇంతకంటే దగ్గర దారి ఇంకొకటి లేదు.

అలాగే పెళ్లిళ్లలో అరుంధతి. మిట్టమధ్యాహ్నం ముహూర్తమైనా పురోహితుడు వేలు పైకి చూపుతాడు, వధూవరులు షామియానా వైపు చూసి కనబడిందని తల ఊపుతారు. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన మసకగా మెరిసే నక్షత్రం అరుంధతి. చీకటి ఉన్న చోట ఏ పరికరమూ లేకుండా కంటికి ఆనుతుంది. మార్గశిరంలో సాయంత్రం పెళ్లయితే మాత్రం అది మన దిగంతానికి కిందే ఉంటుంది, చూపించినా కనిపించదు. చైత్ర, వైశాఖాల్లో రాత్రి పూట ఉత్తర దిక్కున చక్కగా కనిపిస్తుంది. ఈ సంగతి తెలిసిన పిల్ల తన పెళ్లిలో ఉత్తుత్తిగా తల ఊపదు. ఎప్పుడు కనబడుతుందని అడుగుతుంది. శాస్త్రీయ దృక్పథం అంటే ఇంతే కదా.

మకర సంక్రాంతి సంగతీ అంతే. సూర్యుడు ఉత్తరం వైపు మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణం జరుపుకునేది జనవరి 14, 15ల్లో. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల 72 ఏళ్లకు దాదాపు ఒక రోజు చొప్పున పెరుగుతూ వచ్చిన తేడా ఇది. ఎవరి నమ్మకాన్నీ కించపరచకుండానే గుమ్మటం కింద దీన్ని చూపించవచ్చు.

ఇదంతా ఎందుకింత ముఖ్యం? గ్రహణాల రోజున మన వీధులు చూస్తే అర్థమవుతుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ జిల్లా మీదుగానే వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలకు దేశదేశాల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. ఆ బడిలో పనిచేసి రిటైరైన ఒక అటెండర్‌ను అప్పుడేం చూశారని అడిగాను. "ఏం జూస్తం సార్, తలుపులేసుకుని ఇంట్ల కూసున్నం" అన్నాడాయన. పట్టపగలు చుక్కలు కనిపించే ఆ రెండు నిమిషాల కోసం ప్రపంచం తరలివస్తే, ఆ నీడ పడిన ఊళ్ల వాళ్లు తలుపులు మూసుకున్నారు. భారత భూభాగాన్ని తాకే సంపూర్ణ సూర్యగ్రహణం మళ్లీ 2034 మార్చి 20న, అదీ కశ్మీర్ వైపు. ఆయనకు ఆ అవకాశం ఇక రానట్టే.

నలభై అయిదేళ్ల తర్వాత కూడా పరిస్థితి పూర్తిగా మారలేదు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. 82 నిమిషాల పాటు చంద్రుడు రాగి రంగులో మెరిశాడు. దేశమంతా కనిపించే గ్రహణం, కళ్లకు ఏ రక్షణా అక్కరలేదు. సాయంత్రానికే గుళ్లకు తాళాలు పడ్డాయి. ఇళ్లలో దర్భలు, గర్భిణులకు ఆంక్షలు. టీవీ చానెళ్లలో ఏ రాశివారు ఏం చేయకూడదో చెప్పే పండితులు. ఆ రాత్రి డాబా ఎక్కి చూసిన పిల్లలు ఎంతమందో, దుప్పటి కప్పుకుని పడుకోమన్న మాట విన్నవాళ్లు ఎంతమందో ఎవరి ఊహ వారిది.

రాజ్యాంగం మాత్రం తన మాట ఎప్పుడో చెప్పింది. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన 51ఏ(హెచ్) ప్రకారం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి. పౌరుడి విధిని రాశారు సరే, ఆ విధిని నెరవేర్చడానికి అతనికి కావలసిన సరంజామా ఇవ్వడం ఎవరి విధి? పాఠ్యపుస్తకాల తీరు చూడండి. భారం తగ్గింపు పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ 8వ తరగతి సైన్స్ పుస్తకం నుంచి నక్షత్రాలు, సౌర కుటుంబం పాఠాన్ని 2022లో తీసేశారు. 2024 నుంచి వచ్చిన కొత్త పుస్తకాల్లో 6, 7, 8 తరగతుల్లో ఖగోళ పాఠాలు మళ్లీ చేరాయి. మంచిదే. కానీ పుస్తకంలో చేరిన ఆకాశం పిల్లవాడి కంటి దాకా రావాలి కదా.

పెద్ద సైన్సుకు మనం వెనకాడటం లేదు. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాల వేధశాల లైగో-ఇండియాకు అదే ఏడాది 2,600 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. 2025 ఆగస్టులో ముంబైలో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర ఒలింపియాడ్ నిర్వహించాం. అన్నీ గర్వించదగినవే. అయితే రేపు ఆ వేధశాలలో కూర్చోవలసిన మనిషి ఇవాళ ఏదో పల్లెలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే మనిషికి మాత్రం మనం జీతం కేటాయించలేదు.

అలాంటి మనుషుల్ని తయారుచేయడం కష్టం కూడా కాదు. లద్దాఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ ఒక మంచి పని చేసింది. చుట్టుపక్కల పల్లెల నుంచి 24 మందిని ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు చేతికిచ్చింది. వాళ్లెవరూ శాస్త్రవేత్తలు కారు, ఆ ఊరి వాళ్లే. ఇవాళ యాత్రికులకు శనిగ్రహం వలయాలు చూపిస్తున్నది వాళ్లే. లద్దాఖ్ పల్లెల్లో సాధ్యమైనది మన మండల కేంద్రాల్లో ఎందుకు సాధ్యం కాదు? గుడారం కొన్నప్పుడే డ్రైవర్‌తో పాటు ఒక భౌతికశాస్త్ర పట్టభద్రుణ్ని నియమించాలి. వచ్చిన ప్రతి బడిలో ఒక టీచరుకు, ఇద్దరు పిల్లలకు ఆ నెల ఆకాశ పటం ఇచ్చి, ఎలా చూడాలో నేర్పి వెళ్లాలి. రికార్డు చేసిన సినిమా కన్నా ముందు, ఆ రాత్రి ఆ ఊరి నుంచి కనిపించే ఆకాశాన్ని చూపాలి. ప్రైవేటు ప్రదర్శనలను బడుల్లోకి అనుమతించే అధికారులు కూడా ఈ ఒక్క షరతు పెట్టొచ్చు. ఖర్చు లేని షరతు.

గుడారం గొప్పదనాన్ని ఎలా కొలవాలి? ఎంతమంది పిల్లలు లోపలికి వెళ్లారన్నది రిజిస్టర్‌లో రాసుకునే లెక్క. ఆ రాత్రి ఎంతమంది తల పైకెత్తారన్నది అసలు లెక్క. పల్లె పిల్లలకు ఈ విషయంలో నగరం పిల్లల కంటే అదృష్టం ఎక్కువే. ఎల్ఈడీ దీపాల వెలుగులో హైదరాబాద్ ఆకాశం కడిగేసినట్టయిపోయింది, పాలపుంత జాడే లేదు. పల్లెలో ఇంకా కొంత చీకటి మిగిలి ఉంది. ఆ చీకటి విలువ తెలియకపోతే అదీ త్వరలోనే పోతుంది.

ఆ సాయంత్రం వ్యాన్ తర్వాతి ఊరికి వెళ్లిపోయింది. నేను బస్సు కోసం ఉండిపోయాను. ఏడు దాటాక బస్టాండ్ వెనక పొలాల మీద మృగశిర, దాని పైన ఎర్రగా రోహిణి, ఇంకొంచెం పక్కన పిల్లలకోడి స్పష్టంగా కనిపించాయి. పొద్దున్న గుడారంలో ఒక్క నిమిషం వెలిగి మాయమైన చుక్కలే అవన్నీ. ఆ అమ్మాయి ఇల్లు అక్కడికి ఎంతో దూరం ఉండదు. ఆమె ప్రశ్నకు జవాబు చాలా చిన్నది. కనబడతాయమ్మా, ఈ రాత్రే కనబడతాయి, అన్నం తిన్నాక ఒకసారి బయటికి వచ్చి చూడు. ఆ ఒక్క మాట చెప్పడానికి పొద్దుటి నుంచి అక్కడ ఎవరూ లేరు. పక్కనే కూర్చున్న నేనూ చెప్పలేదు.